ఒక వైపు వీల్ బేరింగ్ పోతే రెండో వైపు కూడా మార్చాల్సిందేనా?

కొత్త_స్టీరింగ్:
ఈమధ్యే ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. స్పీడు 50 దాటగానే ముందు నుంచి గుంయ్‌మని హోరు మొదలవుతోంది, స్పీడు పెరిగేకొద్దీ అదీ పెరుగుతోంది. కుడికి తిప్పితే గట్టిగా వస్తుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. మెకానిక్ నడిపి చూసి ముందు ఎడమ చక్రం బేరింగ్ (చక్రం సాఫీగా తిరిగేలా లోపల బాల్స్ ఉండే పార్టు) పోయిందన్నాడు. మారిస్తే మాత్రం రెండు వైపులా మార్చాలంటున్నాడు. కుడి వైపు ఏ శబ్దమూ లేదు. నిజంగా అవసరమా? పాత ఓనరు చేయించిన రిపేర్ల కాగితాలేవీ నా దగ్గర లేవు.

పాత_స్పానర్:
అవసరం లేదు. అరిచేదాన్ని మార్చండి, చాలు. కుడికి తిప్పినప్పుడు బండి బరువు ఎడమ చక్రాల మీదకి వస్తుంది. అరిగిన బేరింగ్ ఆ బరువుకే అరుస్తోంది. మెకానిక్ చెప్పిన వైపు సరైనదే. జంటగా మార్చాలన్న మాట బ్రేక్ ప్యాడ్ల దగ్గర, షాక్ అబ్జార్బర్ల దగ్గర నిజం. ప్యాడ్లు ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి వేస్తే బ్రేక్ కొట్టినప్పుడు బండి పక్కకి లాగొచ్చు. బేరింగ్‌కి ఆ గొడవే లేదు.

హైవే_రాత్రి:
నేను ఒప్పుకోను. రెండూ ఒకేసారి ఫ్యాక్టరీలో వేసినవి, రెండూ ఒకే దూరం తిరిగాయి. ఒకటి పోయిందంటే రెండోదానికి కూడా వయసు అయిపోయినట్టే. పైగా ఇది చేతులు మారిన బండి. ఎంత నీళ్ళలో నడిపారో, ఎంత బరువు వేశారో ఎవరికి తెలుసు? సీల్ (నీళ్ళు రాకుండా బేరింగ్‌కి ఉండే మూత) దాటి నీళ్ళు వెళ్తే లోపల గ్రీజు పాడై తుప్పు పడుతుంది, అది బయటికి కనిపించదు.
ఒక మెకానిక్ మాట విని నేను ఒక వైపే మార్పించాను. కొన్నాళ్ళకే రెండోది పోయింది. అదీ రాత్రిపూట, కారులో పిల్లలు ఉండగా. చక్రం ఊగుతోంది, హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) చెయ్యి పెట్టలేనంత వేడి. బండిని టోయింగ్ చేయించాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఇంకొకరికి వద్దనే చెప్తున్నాను.

గుంతల_దారి:
అసలు అది బేరింగేనా? నా బండికి ఇదే హోరు. బేరింగ్ మార్చారు, డబ్బు తీసుకున్నారు, హోరు పోలేదు. ముందు టైర్లు వెనక్కి వేయగానే శబ్దం కూడా వెనక్కి వెళ్ళింది. టైరు పైనున్న రబ్బరు బ్లాకులు ఎగుడుదిగుడుగా అరిగాయట.

పాత_స్పానర్:
మంచి మాట. టైరు శబ్దమైతే రోడ్డు మారగానే స్వరం మారుతుంది. కొత్త తారు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా వస్తుంది. బేరింగ్ హోరు ఏ రోడ్డు మీదైనా దాదాపు ఒకేలా ఉంటుంది, బండి తిప్పినప్పుడు మారుతుంది.
హైవే_రాత్రి గారూ, "ఒకే దూరం" అన్నారు. దూరం ఒకటే, దెబ్బలు ఒకటి కాదు. రోడ్డు అంచు వైపు చక్రమే ఎక్కువ గుంతల్లో పడుతుంది, ఫుట్‌పాత్ రాళ్ళకి గుద్దుకునేదీ అదే. గట్టి దెబ్బకి బేరింగ్ లోపలి బాల్స్, అవి తిరిగే రేసు (ఉక్కు రింగు) మీద సన్నని గుంటలు చేస్తాయి, వాటి నుంచి హోరు మొదలవ్వొచ్చు.

హైవే_రాత్రి:
మీరు దూరం అనే ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళ సంగతి వదిలేశారు. వరద నీళ్ళు రోడ్డు అంచు వైపు చక్రాన్నే ముంచుతాయా?

కొత్త_స్టీరింగ్:
నిన్న జాక్ మీద ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాను. రెండు వైపులా లూజు లేదు. అంటే బేరింగ్ పోలేదనా?

నాలుగో_గేరు:
లూజు లేకపోతే బేరింగ్ బాగున్నట్టే. టైర్లు చూపించండి.

పాత_స్పానర్:
తప్పు. ఇప్పటి బేరింగులు బిగువుతో వస్తాయి. లూజు రావడానికి చాలా ముందే హోరు వస్తుంది. లూజు కనిపిస్తే పని బాగా ముదిరిందని అర్థం. అప్పుడు కూడా ఒకరిని బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్ళీ ఊపండి. లూజు పోతే బేరింగ్, ఉంటే బాల్ జాయింట్‌ని (సస్పెన్షన్ కీలుని) అనుమానించాలి. ఎడమా కుడీ పట్టుకుని ఊపితే మాత్రమే కదిలితే టై రాడ్ (చక్రాన్ని తిప్పే స్టీరింగ్ కడ్డీ) చూడండి.

హైవే_రాత్రి:
ఇప్పుడు దొరికారు. లూజు లేకపోయినా బేరింగ్ పోయి ఉండొచ్చని మీరే రాశారు. మరి కుడి వైపుది బాగుందని దేన్ని బట్టి చెప్తున్నారు?

పాత_స్పానర్:
శబ్దాన్ని బట్టి. శబ్దం లేనిదాన్ని ఎందుకు పీకాలి? మీ లెక్కన వెనక రెండూ కూడా మార్చాలి, బాల్ జాయింట్లు మార్చాలి, చివరికి కారే మార్చాలి. అనుమానంతో పార్టులు మార్పించేవాళ్ళ వల్లే మెకానిక్కులు చెవి పెట్టి వినడం మానేశారు.

హైవే_రాత్రి:
శబ్దం, శబ్దం! నాకు ఒక చెవి సరిగా వినపడదు. ఆ రాత్రి కూడా హోరు ఎప్పుడు మొదలైందో నాకు తెలియలేదు. స్టీరింగ్ వణికాకే తెలిసింది. మీకు శబ్దం హెచ్చరిక. నాకు అది లేదు. ఇక నేను దేన్ని నమ్మాలి? మార్పించడం ఒక్కటే నా చేతిలో ఉంది. దాన్ని అనుమానం అంటారా?

గుంతల_దారి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

పాత_స్పానర్:
మీ సంగతి తెలియక అన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెవి అక్కర్లేని పద్ధతి ఉంది. బండి ఎత్తి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక చేత్తో చక్రం గట్టిగా తిప్పుతూ రెండో చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగ్ మీద పెట్టండి. పాడైన బేరింగ్ గరగర స్ప్రింగ్‌లోకి వస్తుంది, వేళ్ళకి తెలుస్తుంది. సర్వీసుకి వెళ్ళిన ప్రతిసారీ నాలుగు చక్రాలూ అలా చూడమనండి.
కానీ నా భయం ఏమిటో కూడా వినండి. నకిల్‌లోకి (సస్పెన్షన్‌కి ఉండే, హబ్‌ని మోసే ఇనుప భాగంలోకి) నొక్కి బిగించే రకం బేరింగ్‌ని ఒకసారి విప్పితే మళ్ళీ వాడలేం. హబ్ బయటికి వచ్చేటప్పుడు లోపలి రేసు దానితోనే ఊడి వస్తుంది. బాగున్న బేరింగ్ అలా పోతుంది, దాని బదులు సుత్తితో కొట్టి కొత్తది వేస్తారు. షెడ్డులో ఆ సుత్తి దెబ్బలు చాలా చూశాను. కొత్త బేరింగ్ మొదటి రోజే చచ్చిపోతుంది, కస్టమరుకి తెలిసేది నెలల తర్వాత. మీ రెండో వైపు పోయిందన్నారే, అది పాతదేనా, మొదట వేసిన కొత్తదా?

హైవే_రాత్రి:
పాతదే. బిల్లు ఉంది. మీరు మెకానిక్ చేతిని నమ్మరు, నేను పాత పార్టుని నమ్మను. ఇంతసేపూ మనం వాదించింది దీని గురించే.

పాత_స్పానర్:
అవును, నేను నమ్మను.

కొత్త_స్టీరింగ్:
స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూశాను. ఎడమ వైపు గరగర స్పష్టంగా తెలిసింది. కుడి వైపు మెత్తగా తిరిగింది. ఎడమది మాత్రమే చేయిస్తాను. నా బండిది నొక్కి బిగించే రకమేనట. దగ్గరుండి ఏం చూడాలి?

పాత_స్పానర్:
ప్రెస్ (సుత్తి లేకుండా పార్టుల్ని నొక్కి దించే మెషీను) ఉందా అని ముందు అడగండి. లేదంటే ఇంకో షెడ్డు చూసుకోండి. నకిల్‌లోకి దించేటప్పుడు బలం బయటి రేసు మీదే పడాలి. హబ్‌ని బేరింగ్‌లోకి నొక్కేటప్పుడు లోపలి రేసు కింద ఆనింపు ఉండాలి. అది లేకుండా నొక్కితే బలమంతా బాల్స్ మీదుగా పోతుంది, బేరింగ్ అక్కడే పాడవుతుంది.
ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ కొట్టినా చక్రాలు జామ్ కాకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండ్లలో చాలావాటికి బేరింగ్ ఒక వైపు సీల్‌లో అయస్కాంతం ఉంటుంది. అది చక్రం వేగం చూసే సెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ విప్పితే బేరింగ్ దండగ. సర్క్లిప్ (బేరింగ్ బయటికి జారకుండా పట్టే రింగు) గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. యాక్సిల్ నట్ (చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్) కొత్తది వేయించండి. చివరి బిగింపు ఇంపాక్ట్ గన్‌తో వద్దు, బండి కంపెనీ చెప్పిన లెక్కకి టార్క్ రెంచ్‌తో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో). బేరింగ్ బిగువు నిలిచేది ఆ నట్ మీదే. అది బిగించకుండా బండి బరువు ఆ చక్రం మీద దించొద్దు.

నాలుగో_గేరు:
లూజు గురించి నేను రాసింది పట్టించుకోకండి.

హైవే_రాత్రి:
కొత్త_స్టీరింగ్ గారూ, పని అయ్యాక కుడి వైపుది కూడా నెలకోసారి స్ప్రింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. నా బండికి మాత్రం రెండూ మార్పిస్తాను, ప్రెస్ ఉన్న చోటే.