వాసన నేర్చిన తేనెటీగలు అరగంటకే మరలిపోతున్నాయి

గుంటూరు దగ్గర మా తోటలోని రెండు పెట్టెల తేనెటీగలకు, పేలుడు పదార్థాలేవీ వాడకుండా, లవంగ నూనె వాసనతో శిక్షణ ఇస్తున్నాను. డీఎన్‌టీ (మందుపాతరల్లోని పేలుడు పదార్థం నుంచి వెలువడే రసాయనం) వాసన నేర్చిన తేనెటీగలు మందుపాతరల పైన ఎక్కువగా ఎగురుతుండగా లైడార్‌తో (లేజర్ కాంతిని పంపి, తిరిగొచ్చే కాంతిని బట్టి గుర్తించే పరికరం) గుర్తించి, అమెరికాలోని మోంటానా పరిశోధకులు 2005లో ఫలితాలు ప్రచురించారు. మనుషుల కాళ్లను, ప్రాణాలను కాపాడగల ఈ పద్ధతిని మా విద్యార్థులకు కళ్లారా చూపించాలని నా కోరిక. మూడు రోజులు, ఉదయం 7 నుంచి 9 వరకు, నూనె పక్కనే పంచదార, నీరు సమంగా కలిపి పెట్టాను. అది తీసేసి, నూనె దూదిని ఇసుకలో 2 సెంటీమీటర్ల లోతున పాతితే, అవి అరగంట తిరిగి పక్కనున్న పొద్దుతిరుగుడు చేనికి వెళ్లిపోతున్నాయి. శిక్షణను ఐదు రోజులకు పెంచినా, పంచదార రెట్టింపు చేసినా మార్పు రాలేదు. నేర్చిన వాసనను అవి వదిలేయకుండా ఉండాలంటే, పంచదార నీటిని ఎన్ని నిమిషాలకొకసారి మళ్లీ అందించాలి?