కర్ట్ కోబేన్ పాటను మలిచింది అబర్డీనా, ఒలింపియానా?

తీగలపెట్టె:
కర్ట్ కోబేన్ రాక్ బ్యాండు నిర్వాణ మాట ఎక్కడ వచ్చినా ఒక లెక్క చెప్తుంటారు. కోబేన్ పాటలో కరుకంతా అబర్డీన్‌ది, తీపంతా ఒలింపియాది అని. ఈ పంపకం నాకు ఒప్పుదల కాదు. అతన్ని మలిచింది అబర్డీనే. ఒలింపియా వెళ్లేసరికి అతనికి ఇరవై ఏళ్లు, అప్పటికి చెయ్యి కుదిరిపోయింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అబర్డీన్ అంటే వాషింగ్టన్ రాష్ట్రంలో పసిఫిక్ తీరానికి దగ్గర్లో ఉన్న కలప ఊరు. ఒలింపియా ఆ రాష్ట్ర రాజధాని. కోబేన్ 1967 ఫిబ్రవరి 20న అక్కడి ఆసుపత్రిలో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు అమ్మానాన్న విడిపోయారు, నాన్నతో పాటు పక్కనున్న మాంటెసానోకు మారాడు. మెల్విన్స్ అనే రాక్ బ్యాండు పుట్టింది ఆ చిన్న ఊళ్లోనే కాబట్టి ఆ మార్పుకు విలువ ఉంది. 1983లో అక్కడి థ్రిఫ్ట్‌వే కిరాణా కొట్టు వెనక, కార్లు పెట్టుకునే జాగాలో మెల్విన్స్ వాయిస్తుంటే విన్నాడు. ఆ బ్యాండు గాయకుడు బజ్ ఆజ్బోర్న్ పంక్ (మొరటు, వేగపు రాక్) పాటలు క్యాసెట్ల మీదికి ఎక్కించి ఇచ్చాడు. 1984లో సియాటిల్ వెళ్లి పంక్ బ్యాండు బ్లాక్ ఫ్లాగ్‌ను చూశాడు. అదే ఏడు వచ్చిన బ్లాక్ ఫ్లాగ్ 'మై వార్' రెండో వైపు వినండి. పంక్ అంటే వేగం అనుకునే రోజుల్లో ఆరు నిమిషాలు దాటిన పాటలు మూడు, మూడూ నత్తనడకే. మెల్విన్స్ పట్టుకున్నది ఆ నడకనే. నిర్వాణ మొదటి ఆల్బమ్ 'బ్లీచ్'లో 'పేపర్ కట్స్' ఆ నడకకు నేరుగా పుట్టిన బిడ్డ, పైగా అందులో డ్రమ్స్ వాయించింది మెల్విన్స్ మనిషి డేల్ క్రోవరే.

లోశ్రుతి:
తీగలపెట్టె గారూ, 'పేపర్ కట్స్' విషయంలో మీతో తగువు లేదు. కానీ మెల్విన్స్ నడకొక్కటే అయితే కోబేన్ పేరు ఈ రోజు మనం తలుచుకునేవాళ్లమా? తేడా తెలియాలంటే అదే ఆల్బమ్‌లోని 'ఎబౌట్ ఎ గర్ల్' కార్డులు (గిటారు మీద కలిపి మీటే స్వరాల గుంపులు) వేసి చూడండి.

చరణమంతా ఈ మైనర్ (E minor), జి. ఆ రెండే, అటూ ఇటూ. పల్లవి రాగానే సి షార్ప్, జి షార్ప్, ఎఫ్ షార్ప్. ఈ మైనర్ స్కేలులో సి షార్ప్ లేదు, జి షార్ప్ లేదు. చరణంలో చెవికి అలవాటైన జి స్వరం ఒక్కసారిగా అర మెట్టు పైకి పోతుంది, అందుకే పల్లవిలో కిటికీ తెరిచినట్టుంటుంది. ఆ తర్వాత ఈ, ఏ, సి (E, A, C). ఆ చివరి సి మళ్లీ ఈ మైనర్ కుటుంబానికి చెందింది, కాబట్టి చరణానికి అతుకు కనపడకుండా చేరుకుంటాం. వాయించేటప్పుడు చాలామంది చెడగొట్టేది ఇక్కడే. పల్లవికి కూడా డిస్టార్షన్ (గిటారు శబ్దాన్ని గరుకు చేసే పెడల్) తొక్కి గట్టిగా కొడతారు. అలా కొడితే కార్డు మారిన సంగతి రొదలో కలిసిపోతుంది.

ఇది బీటిల్స్ పద్ధతి. 'మీట్ ద బీటిల్స్' గంటల తరబడి విని ఈ పాట రాశాడన్నది తెలిసిన సంగతే. రాసింది ఎక్కడ? 1987లో ఒలింపియాకు మారి, ప్రియురాలు ట్రేసీ మరాండర్‌తో పేర్ వీధిలో ఉన్నప్పుడు. ఆమె మీదే.

నాలుగుట్రాకులు:
తేదీలు పక్కపక్కన పెడితే వాదన తేలిగ్గా తెగుతుంది.

1988 జనవరి 23న సియాటిల్ రెసిప్రోకల్ స్టూడియోలో రికార్డింగు చేసే జాక్ ఎండినో దగ్గర ఒక్క మధ్యాహ్నంలో పది పాటలు రికార్డు చేశారు. ఖర్చు 152 డాలర్ల 44 సెంట్లు. ఆఖరి పాట 'పెన్ క్యాప్ చ్యూ' మధ్యలో రీలు అయిపోయింది. ఇంకో రీలుకు డబ్బు పెట్టలేదు, ఎండినో ఆ పాటను చివర్లో మెల్లగా తగ్గించి ముగించాడు. ఆ పదిలో 'ఎబౌట్ ఎ గర్ల్' లేదు. అది 1988 డిసెంబరు, 1989 జనవరి మధ్య జరిగిన 'బ్లీచ్' రికార్డింగులో వచ్చింది, డ్రమ్స్ చాడ్ చానింగ్. అంటే ఒలింపియాలో ఏడాది కాపురం తర్వాత.

ఇంతవరకు లోశ్రుతి గారిదే పైచేయి. అయితే అదే పదిలో 'స్పాంక్ త్రూ' ఉంది. అది నిర్వాణకు ముందు కోబేన్ పెట్టిన బ్యాండు ఫీకల్ మ్యాటర్ 1985–86 నాటి డెమో (నమూనా రికార్డింగు) నుంచి వచ్చిన పాట. సియాటిల్ దగ్గర పిన్ని మేరీ ఇంట్లో, ఆవిడ నాలుగు ట్రాకుల టియాక్ యంత్రం మీద చేసిన డెమో అది. గిటారు, గొంతు కోబేన్‌వి, డ్రమ్స్ క్రోవర్. పాట మొదలు వినండి. శుభ్రమైన గిటారు, తీగలు విడివిడిగా మీటుతూ, గొంతు తగ్గించి ప్రేమ పలుకులు. తర్వాత ఒక్కసారిగా డిస్టార్షన్. ఈ మెత్తన–గట్టి ఆట ఒలింపియాకు ముందే, ఆ ఆటకు పేరుపడ్డ బ్యాండు పిక్సీస్ ఆల్బమ్ 'సర్ఫర్ రోజా' (1988) కంటే రెండేళ్లు ముందే ఉంది.

తీగలపెట్టె:
నేను చెప్పాలనుకున్నదే మీరు చెప్పారు. పాప్ అతనికి ఒలింపియా పెట్టిన భిక్ష కాదు. బీటిల్స్ రికార్డులు చేతికిచ్చింది పిన్ని మేరీ. పద్నాలుగో పుట్టినరోజుకు, 1981లో, సైకిలు కావాలా గిటారు కావాలా అని అడిగి పాత గిటారు కొనిచ్చింది మావయ్య చక్. ఆ మావయ్య బ్యాండులో వాయించే వారెన్ మేసన్ దగ్గరే పాఠాలు, ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆ పాఠాల్లోదే. ఇదంతా గ్రేస్ హార్బర్ జిల్లా గాలే. ఒలింపియాకు ఇందులో వాటా ఏముంది?

ఎడమవాటం:
చర్చకు కొంచెం పక్కనుంచి. కోబేన్ ఎడమచేతి గిటారు వాయించాడు కాబట్టి, తిప్పి కట్టిన గిటారు సరిగ్గా పలకదు కాబట్టి పవర్ కార్డులకు (రెండే స్వరాలుండే కార్డులకు) దిగాడు అని చాలాచోట్ల రాస్తారు. సగమే నిజం.

కుడిచేతి గిటారుకు తీగలు తిప్పి కడితే వచ్చే చిక్కులు ఇవి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) మీద గాళ్లు తీగ మందానికి తగ్గట్టు కోసి ఉంటాయి. 0.046 అంగుళాల లావు తీగ 0.010 గాడిలో దిగదు, పైనే కూర్చుంటుంది. దాంతో మొదటి ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు కమ్మీల) దగ్గర ఎత్తు పెరిగి, నొక్కితే స్వరం పైకి జారుతుంది. సన్న తీగేమో వెడల్పు గాడిలో పక్కలకు ఊగి, వట్టి తీగ మీటితే జరజరమంటుంది. అకూస్టిక్ అయితే ఇంకో తంటా. దాని శాడిల్ (గిటారు పొట్ట మీద తీగలు ఆనే పట్టీ) లావు తీగ వైపు పొడవు ఎక్కువొచ్చేలా ఏటవాలుగా ఉంటుంది. తిప్పితే లావు తీగకు పొడవు తగ్గి పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి ఎక్కువ పలుకుతుంది, సన్న తీగ తక్కువ పలుకుతుంది. కొత్త నట్ కోయించాలి, శాడిల్ గాడి పూడ్చి ఎదురువాలులో మళ్లీ కోయించాలి. స్ట్రాటోకాస్టర్ లాంటి ఎలక్ట్రిక్‌కు ఆరు శాడిళ్లూ విడివిడిగా ఉంటాయి, స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు, నట్ మాత్రం మార్చాల్సిందే. అన్‌ప్లగ్డ్‌లో (ఎంటీవీ ఛానెల్ కచేరీలో) అతని చేతిలో ఉన్న 1959 నాటి మార్టిన్ డి–18ఈ కూడా ఇలా ఎడమవాటానికి మార్చిందే.

ఈ పనంతా చేయించాక పూర్తి కార్డులు కూడా బాగానే పలుకుతాయి. పవర్ కార్డుకు అసలు కారణం డిస్టార్షన్. మేజర్ కార్డులో మూడో స్వరం ఉంటుంది. డిస్టార్షన్ ఎక్కువైతే ఆ స్వరం మిగతా వాటితో కలిసి కొత్త రొదను పుట్టిస్తుంది, కార్డు బురదవుతుంది. మూల స్వరం, అయిదో స్వరం రెండే ఉంచితే శుభ్రంగా ఉంటుంది. మూడో స్వరం గిటారులో లేదు కాబట్టి మేజరా మైనరా అన్నది పాడే గొంతే తేల్చాలి. 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్'లో ఎఫ్, బి ఫ్లాట్, ఏ ఫ్లాట్, డి ఫ్లాట్ నాలుగూ పవర్ కార్డులే. ఆ ఖాళీని నింపేది గొంతులోని బాణీ. అందుకే అతని పాటల్లో బాణీ తీసేస్తే ఏమీ మిగలదు. ఇది అబర్డీన్ లెక్కలోకీ రాదు, ఒలింపియా లెక్కలోకీ రాదు అనుకుంటాను.

కొత్తపాఠకుడు:
వంతెన కింద పడుకునేవాడు, ఆ బాధే పాటలయ్యాయి అంటారు కదా అన్నా. అది అబర్డీన్ పక్షానికి బలం కాదా?

నాలుగుట్రాకులు:
ఆ కథను పక్కన పెట్టండి తమ్ముడూ. విష్కా నది మీద యంగ్ వీధి వంతెన అది. అక్కడ తిరిగేవాడు, నిజమే. కాపురం ఉన్నాడన్నది మాత్రం నిర్వాణ బేస్ గిటారిస్టు క్రిస్ట్ నోవోసెలిచే కొట్టిపారేశాడు. సముద్రం దగ్గర కాబట్టి పోటుకు నది ఎదురెక్కుతుంది, కోనసీమ పాయల్లో ఎక్కినట్టే. ఒడ్డంతా బురద. అక్కడ రాత్రి పడుకోవడం కుదరని పని. 'సమ్‌థింగ్ ఇన్ ద వే'లో వంతెన ఉంది, అది పాట. పాటను సాక్ష్యంగా తెస్తే చర్చ దారి తప్పుతుంది.

లోశ్రుతి:
తీగలపెట్టె గారు ఒలింపియా వాటా ఏమిటని అడిగారు. 'స్పాంక్ త్రూ' నా వాదనకు గట్టి దెబ్బే, ఒప్పుకుంటాను. మెత్తన–గట్టి ఆట ఒలింపియాది కాదు. ఇక ఆ మాట అనను. పిక్సీస్‌ను కాపీ కొట్టబోయానని 1994 జనవరి ఇంటర్వ్యూలో కోబేన్ చెప్పినా, విత్తనం మాత్రం పాతదే.

కానీ ఆ రెండు పాటల్లో గొంతు వినండి. 'స్పాంక్ త్రూ' మొదట్లో ప్రేమ పలుకులు వెక్కిరింతగా పాడాడు. గొంతు లావు చేసి, సాగదీసి, ప్రేమపాటలను ఎగతాళి చేస్తున్నట్టు. మెల్విన్స్ చుట్టూ తిరిగే కుర్రాడు మెత్తటి పాట పాడాలంటే ఆ ముసుగు వేసుకోక తప్పదు. 'ఎబౌట్ ఎ గర్ల్'లో ఆ ముసుగు లేదు. మామూలు గొంతు, నేరుగా. ఈ రెంటికీ మధ్య జరిగింది ఒలింపియాయే. అక్కడ కాల్విన్ జాన్సన్ పెట్టిన రికార్డు కంపెనీ 'కే రికార్డ్స్' ఉంది, అతని బ్యాండు బీట్ హ్యాపెనింగ్ ఉంది. బేస్ గిటారే లేని బ్యాండు, రెండు మూడు కార్డులు, పిల్లల పాటల్లాంటి ప్రేమపాటలు. పైగా పంక్ అని వాళ్లు పిలుచుకునేది దాన్నే. స్కాట్లాండ్ బ్యాండు వ్యాసెలిన్స్ పాటల్లోనూ అదే తీరు, అవి అతనికి ఎంత నచ్చాయంటే 'మాలీస్ లిప్స్', 'సన్ ఆఫ్ ఎ గన్' తనే పాడి రికార్డు చేశాడు. ముంజేతి మీద కే గుర్తు పచ్చబొట్టు ఊరికే పొడిపించుకోలేదు. బాణీ కట్టడం అబర్డీన్‌లోనే వచ్చి ఉండవచ్చు. దాన్ని సిగ్గుపడకుండా పాడొచ్చని తెలిసింది మాత్రం ఒలింపియాలో.

తీగలపెట్టె:
వెక్కిరింత సంగతి నేను పట్టించుకోలేదు. మళ్లీ విన్నాను, మీరన్నట్టే ఉంది. ఇక్కడి వరకు ఒప్పుకుంటాను. అయినా ఒక మాట. 'ఎబౌట్ ఎ గర్ల్'ను 'బ్లీచ్'లో పెట్టడానికి అతనే జంకాడు, 'బ్లీచ్' తెచ్చిన రికార్డు కంపెనీ సబ్ పాప్ పాటలు వినేవాళ్లు ఏమంటారోనని. ఒలింపియాలో ఏడాది ఉన్నా ఆ జంకు పోలేదంటే అబర్డీన్ పట్టు ఎంత గట్టిదో చూడండి. ఇంకొకటి, జర్నల్లో రాసుకున్న యాభై ఆల్బమ్‌ల పట్టికలో మొదటి స్థానం స్టూజెస్ బ్యాండు ఆల్బమ్ 'రా పవర్'ది, కే రికార్డ్స్ బ్యాండుది కాదు.

నాలుగుట్రాకులు:
పట్టికే తెచ్చారు కాబట్టి, రెండోది 'సర్ఫర్ రోజా'. పోర్ట్‌లాండ్ బ్యాండు వైపర్స్ ఆల్బమ్‌లు అందులో ఏకంగా మూడున్నాయి, వాళ్ల సంగతి మనలో ఎవరూ ఎత్తలేదు. పాత బ్లూస్ గాయకుడు లెడ్‌బెల్లీ ఉన్నాడు, 'మీట్ ద బీటిల్స్' ఉంది. వైపర్స్ 'డి–7' అసలుదీ, నిర్వాణ వాయించిందీ ఒకదాని వెంట ఒకటి వినండి. నెమ్మదిగా మొదలై మధ్యలో వేగం అందుకునే పాట. వైపర్స్ గాయకుడు గ్రెగ్ సేజ్ గొంతు ఎక్కడా వెక్కిరించదు. ఆ నిజాయితీ ఒలింపియాకు ముందే వైపర్స్ నుంచి అందిందా అన్నది తేల్చాలంటే, అబర్డీన్‌లో బజ్ ఇచ్చిన క్యాసెట్లలో ఏ పాటలున్నాయో ముందు చూడాలి. బ్లాక్ ఫ్లాగ్ ఉందని అందరూ చెప్పేదే. మిగతావి దొరికితే ఇక్కడే పెడదాం.