దీర్ఘకాలిక అప్పు: బ్యాలెన్స్ షీటులో ఒక అంకె, నోట్సులో ఇంకో అంకె. ఏది నమ్మేది?

తిరుచానూరు_రోడ్డు:
మా తిరుపతి షేర్ల గ్రూపులో రెండు రోజులుగా ఇదే వాదన. ఒక పెద్ద కంపెనీ దీర్ఘకాలిక అప్పు పోయినేడు 4,100 కోట్లు, ఈ యేడు 3,400 కోట్లు. 700 తీరిందంటారు. మరి వడ్డీ ఎందుకు దిగలేదు? పైగా నోట్సులోని లిక్విడిటీ రిస్కు పట్టికలో (ఏ అప్పు ఎప్పుడు కట్టాలో చూపించేది) 5,150 ఉంది.

చిత్తూరు_పద్దులు:
తీరలేదు సామీ, చాలామటుకు చోటు మారింది. ఏడాదిలోపు కట్టాల్సిన కంతుల్ని దీర్ఘకాలిక అప్పులోంచి తీసి స్వల్పకాలిక అప్పుల కింద చూపిస్తారు. స్వల్పకాలిక అప్పుల నోటులో (బ్యాలెన్స్ షీటు వెనకుండే వివరణలో) ‘కరెంట్ మెచ్యూరిటీస్’ అనే వరుస రెండేళ్లదీ చూడండి.

తిరుచానూరు_రోడ్డు:
పోయినేడు 300, ఈ యేడు 900.

చిత్తూరు_పద్దులు:
అయితే 4,400 కాస్తా 4,300 అయింది. తగ్గింది 100. క్యాష్ ఫ్లో (నగదు రాకపోకల పద్దు) కింద అప్పులు ఎలా మారాయో చూపే పట్టిక ఉంటుంది, ఇండ్ ఏఎస్ 7 అనే అకౌంటింగ్ ప్రమాణం అడిగేదే: మొదటి నిల్వ, తెచ్చింది, కట్టింది, మారకపు తేడా, చివరి నిల్వ. డాలరు అప్పుంటే మారకపు వరుస తప్పక చూడండి. రూపాయి పడితే పైసా కొత్తగా తేకపోయినా అప్పు పెరుగుతుంది.

పాత నివేదికలతో పోల్చేటప్పుడు జాగ్రత్త. 2020-21 దాకా ఈ కంతులు ‘ఇతర ఆర్థిక బాధ్యతల’ కింద ఉండేవి. పదేళ్ల పట్టిక వేసేవాళ్లు అక్కడే తప్పుతారు.

5,150 కూడా తప్పు కాదు. అసలుతో పాటు ముందుముందు కట్టాల్సిన వడ్డీనీ డిస్కౌంటు చేయకుండా (నేటి విలువకు తగ్గించకుండా) అందులో కలుపుతారు. బ్యాలెన్స్ షీటు అంకె దీనికి ఎదురు: 1,000 కోట్ల అప్పుకి 10 కోట్ల ప్రాసెసింగ్ ఫీజు పోతే తొలిరోజు పుస్తకంలో 990 అని పడుతుంది. ఆ 10 ఏటేటా కొంచెం కొంచెంగా వడ్డీ ఖర్చులో కలుస్తుంది.

పాకాల_జంక్షన్:
వడ్డీ దగ్గర ఇంకో మెలిక ఉంది. లాభనష్టాల పద్దులో 380 ఉండి, క్యాష్ ఫ్లోలో కట్టింది 430 ఉంటే, ఆ 50 ఇంకా కడుతున్న ప్లాంటు ఖరీదులో కలిపి ఉండొచ్చు. ఫైనాన్స్ కాస్ట్ (వడ్డీ ఖర్చు) నోటు అడుగున ఆ తీసివేత దొరుకుతుంది. వడ్డీకీ పన్నుకీ ముందు లాభం 1,140 అనుకోండి. లాభం వడ్డీకి ఎన్ని రెట్లుందో చూస్తే, 380తో భాగిస్తే 3 రెట్లు, 430తో 2.65. ప్లాంటు నడవడం మొదలైతే ఆ వడ్డీ లాభంలోంచే పోవాలి.

ఆడిటర్ రిపోర్టు అనుబంధం మాత్రం వదలొద్దు. కారో 2020 (ఆడిటర్ ఏమేం రాయాలో చెప్పే ప్రభుత్వ ఉత్తర్వు) తొమ్మిదో క్లాజులో కంతు తప్పిందా లేదా అన్నదే కాదు, స్వల్పకాలిక నిధుల్ని దీర్ఘకాలిక పనులకు వాడారా అన్నదీ రాయాలి. అది స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీ) రిపోర్టు వెనక ఉంటుంది. కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలతో కలిపిన) రిపోర్టు వెనక వెతికితే ఈ వివరం దొరకదు.

తిరుచానూరు_రోడ్డు:
ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) పోర్టల్లో ఛార్జీలన్నీ, అంటే అప్పులకి ఆస్తులు కుదవ పెట్టినట్టు నమోదైనవన్నీ, కూడితే 6,000 కోట్లు దాటుతోంది. అదంతా అప్పేనా అన్నా?

చిత్తూరు_పద్దులు:
కాదప్పా. అది కుదవ పెట్టి తీసుకున్న పరిమితి, బాకీ కాదు. 2,000 పరిమితిలో 700 వాడినా అక్కడ 2,000 అనే ఉంటుంది. అప్పు తీరినాక విడుదల ఫారం ఆలస్యంగా వేస్తే పాతదీ కనబడుతుంది. కుదవ లేని అప్పు అసలు కనబడదు. అనుబంధ కంపెనీలకిచ్చిన గ్యారంటీల కోసం కంటింజెంట్ లయబిలిటీస్ (మీద పడొచ్చు, పడకపోవచ్చు అనే బాధ్యతలు) నోటు తెరవండి.

తిరుచానూరు_రోడ్డు:
ఫైనాన్స్ కాస్ట్ అడుగున 50 తీసివేత దొరికింది. గ్యారంటీల నోటు ఈ రాత్రికి చూస్తా.