కప్ప జన్యువున్న వంకాయ వేస్తారా?

మిద్దెతోట_సీతమ్మధార:
ఈసారీ నా వంగమొక్కలు పోయాయండి. పొద్దున పచ్చగా ఉన్నవి మధ్యాహ్నానికి తలలు వాల్చేశాయి. కాండం కోసి గ్లాసు నీళ్లలో నిలబెడితే పాలలాంటి తెల్లటి జీర దిగింది. బ్యాక్టీరియా వడలు తెగులే, అనుమానం లేదు. కుండీల్లో మట్టి మార్చినా ఇదే గతి. సూక్ష్మజీవుల్ని చంపే పెప్టైడ్లని చిన్న ప్రోటీన్లు ఉంటాయట. వాటి జన్యువుల్ని మొక్కల్లో పెట్టి తెగుళ్లు తట్టుకునేలా చేస్తున్నారని చదివాను. అలాంటి విత్తనం వస్తే మీరు వేస్తారా?

భీమిలి_బావ:
ఆ జన్యువు కప్పది కదా? నాకొద్దు. మా ఇంట్లోకి కోడిగుడ్డే రాదు.

ల్యాబ్‌కోటు:
అన్నీ కప్పవి కావండీ. 1987లో ఆఫ్రికా కప్ప చర్మంలో దొరికిన మాగైనిన్ ఒకటి. అంతకుముందే 1981లో ఒక చిమ్మట నుంచి సెక్రోపిన్ తీశారు. మొక్కలకీ సొంతవి ఉన్నాయి, డిఫెన్సిన్లు అంటారు. ముల్లంగి గింజల్లో ఉంటాయి, పాలకూరలో ఉంటాయి. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం మొక్కలోని డిఫెన్సిన్ జన్యువు పెట్టిన బంగాళాదుంప, వెర్టిసిలియం అనే శిలీంధ్రాన్ని తట్టుకుందని 2000లోనే ప్రచురించారు. వీటిలో చాలావాటికి ప్లస్ ఛార్జి ఉంటుంది, బ్యాక్టీరియా పైపొరకి మైనస్ ఛార్జి. వెళ్లి అతుక్కుని పొరకి చిల్లులు పెడతాయి. మన కణాల బయటి పొరకి ఆ మైనస్ దాదాపు ఉండదు, పైగా కొలెస్ట్రాల్ ఉంటుంది. అందుకే మన జోలికి అంతగా రావు.

భీమిలి_బావ:
ఇంత రాశారు. కప్పదా, కాదా?

ల్యాబ్‌కోటు:
జన్యువుని ల్యాబ్‌లో అక్షరం అక్షరం కూర్చి తయారు చేస్తారు. కప్పని ఎవరూ కోయరు.

భీమిలి_బావ:
కూర్చింది కప్పని చూసేగా.

ఎంవీపీ_వంటిల్లు:
బావగారూ, 2002 నుంచి దేశంలో బీటీ పత్తి, అంటే బ్యాక్టీరియా జన్యువు పెట్టిన పత్తి, పండుతోంది. మీరు కొనే మిక్చర్ పొట్లం ఆ పత్తిగింజల నూనెలో వేగలేదని గ్యారంటీ ఉందా?

గాజువాక_77:
బీటీ వంకాయని 2010లో ఊరికే ఆపారా?

ల్యాబ్‌కోటు:
అది కాయతొలుచు పురుగు కోసం చేసింది. మనం మాట్లాడేది తెగులు గురించి. బంగ్లాదేశ్‌లో 2014 నుంచి ఆ వంకాయ పండిస్తూనే ఉన్నారు, తింటూనే ఉన్నారు.

గాజువాక_77:
పురుగైతే ఏం, తెగులైతే ఏం. తెచ్చేది ఆ కంపెనీలేగా.

మర్రిపాలెం_నర్సు:
కప్పని కాసేపు పక్కన పెట్టండి. పీచ్ పండు పడనివాళ్లలో చాలామందికి అలర్జీ తెచ్చే ప్రోటీన్ ఒకటుంది. లిపిడ్ ట్రాన్స్‌ఫర్ ప్రోటీన్ల జాతిది. ఆ జాతినీ మీ పెప్టైడ్ల లెక్కలోనే వేస్తారు. అది ఉడికించినా, కడుపులోకి వెళ్లినా అంత తేలిగ్గా చెడదు. మొక్కలోది కాబట్టి మంచిదే అని గంపగుత్తగా చెప్పకండి.

ల్యాబ్‌కోటు:
నిజమే. ఒక్కోదాన్నీ విడిగా పరీక్షించాలి. కాదని నేనెప్పుడన్నాను?

చోడవరం_రైతుబిడ్డ:
మూడేళ్ల కిందట 30 సెంట్లలో టమాటా వేశాను. ఈ విత్తనానికి వడలు తెగులు రాదని దుకాణంవాడు దేవుడి పటం ముందే చెప్పాడు. నలభై రోజులకి మడి మొత్తం పడుకుంది. వెళ్లి అడిగితే బిల్లు తెమ్మన్నాడు. అప్పు మీద తెచ్చుకున్న విత్తనానికి బిల్లు ఎవడిస్తాడు? మా ఆవిడ గాజులు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. మీరేమో ఇక్కడ ప్లస్సులూ మైనస్సులూ చెప్తున్నారు.

ల్యాబ్‌కోటు:
అది దుకాణంవాడి మోసం. జన్యువు ఏం చేసింది?

చోడవరం_రైతుబిడ్డ:
మీకు ఒకటో తారీకున జీతం పడుతుంది సార్. అందుకే అంత తేలిగ్గా అనేశారు.

ల్యాబ్‌కోటు:
జీతమా? ఇలాంటి జన్యువు పెట్టి ఐదేళ్లు పెంచిన పొగాకు మొక్కల్ని నా చేతులతోనే ఆటోక్లేవ్‌లో, అదే ల్యాబ్‌లో ఉండే ఆవిరి కుక్కర్‌లో, ఉడికించి పారేశాను. గ్రీన్‌హౌస్ దాటనివ్వలేదు, ఎందుకో ఒక్క కాగితం రాసివ్వలేదు. ఒక్క మడిలో వేసి చూసుంటే పనిచేస్తుందో లేదో తేలిపోయేది. మీలాంటివాళ్లు ముందే వద్దంటారు కాబట్టే ఇలా!

చోడవరం_రైతుబిడ్డ:
నేను వద్దన్నానా? పైకి వెళ్లి చదువుకోండి, ఆ మాట ఎక్కడుందో చూపించండి. మా చేలో వేసేది మెరుగుపరచిన సాంబ మసూరి. 2008లో హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ, వరి పరిశోధన సంచాలనాలయం కలిసి ఇచ్చిన రకం. ఎండాకు తెగులుకి మూడు జన్యువులు పెట్టారు. అందులో ఒకటి ఆఫ్రికా అడవి వరిదట, నాకేం పట్టింపు లేదు. గింజ దాచుకుని మళ్లీ వేసుకుంటున్నాను. మీ వంకాయ విత్తనం అలా దాచుకోనిస్తారా? పంట పోతే ఎవడు కడతాడు? నేనడిగేది ఈ రెండే.

ల్యాబ్‌కోటు:
ఆ మూడూ సంకరం చేసి తెచ్చినవి, ఇది జన్యుమార్పిడి. రెంటికీ పోలిక లేదు.

చోడవరం_రైతుబిడ్డ:
అడిగినదానికి జవాబు రాలేదు.

ల్యాబ్‌కోటు:
ప్రభుత్వ సంస్థే చేసి రైతులకి ఇస్తే దాచుకోవచ్చు. కంపెనీ చేతికి వెళ్తే నా చేతుల్లో ఏముంది? నష్టపరిహారం నా సబ్జెక్టు కాదు.

చోడవరం_రైతుబిడ్డ:
నాకున్నది ఆ ఒక్క సబ్జెక్టే సార్.

మిద్దెతోట_సీతమ్మధార:
అయ్యా, నా కుండీల సంగతి ఎవరైనా చెప్పండి.

చోడవరం_రైతుబిడ్డ:
ఉస్తి మొక్క మీద వంగ అంటు కట్టించండమ్మా. ఉస్తి వేరుకి ఆ తెగులు అంత తేలిగ్గా అంటదు. కట్టడం రాకపోతే రెండు మొక్కలు నేనిస్తాను. బిల్లు మాత్రం అడక్కండి.

ల్యాబ్‌కోటు:
వేరు నుంచి వచ్చే తెగులుకి సరే. ఆకుమచ్చ వస్తే ఏం చేస్తారు?

భీమిలి_బావ:
కప్పని మాత్రం పెట్టరు.