ఏసీ గదిలో పడుకుంటే పొద్దున్నే తల దిమ్ము: ఫ్రెష్ ఎయిర్ మెషీన్ పెట్టించాలా?

నిజాంపేట సుజాత:

నమస్కారమండీ. మాది నిజాంపేటలో అపార్ట్‌మెంట్, ఎనిమిదో అంతస్తు, పన్నెండు వందల చదరపు అడుగుల టూ బీహెచ్‌కే. మావారు, నేను, ఏడేళ్ల బాబు, మా అత్తయ్యగారు ఉంటాం. బాబుకి పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడుతున్నాం. ఎండలు మొదలయ్యాయంటే మేం ముగ్గురం ఒకే గదిలో తలుపులు బిగించుకుని ఏసీ వేసుకుని పడుకుంటాం. పొద్దున లేచేసరికి తలంతా దిమ్ముగా, నోరు పిడచకట్టుకుపోయి, అసలు నిద్రపోయినట్టే ఉండదు. అత్తయ్యగారు మాత్రం హాల్లో ఫ్యాన్ కింద, బాల్కనీ తలుపు ఓరగా తీసుకుని పడుకుంటారు. ఐదింటికల్లా చలాకీగా లేచి, కాఫీ కూడా కలిపేసి, మా మొహాలు చూసి నవ్వుతారు.

మా తమ్ముడు కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరొకటి తెచ్చి మా గదిలో పెట్టాడు. పడుకునే ముందు 650 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాలు). తెల్లవారుజామున బాబు దగ్గుతుంటే లేచి చూశాను కదా, 2,380! పక్కనే ఎయిర్ ప్యూరిఫయర్ పచ్చ లైటు వేసుకుని అంతా భేషుగ్గా ఉందంటోంది. దేన్ని నమ్మాలి?

ఇంకో రెండు సంగతులు. వంటింట్లో చిమ్నీ ఉంది కానీ బిల్డర్ గొట్టానికి కన్నం వదల్లేదు, అందుకని బొగ్గు ఫిల్టర్ రకం బిగించారు. నేను ఎండుమిర్చి పోపు పెడితే లోపలి గదిలో బాబు తుమ్ముతాడు. బాత్‌రూమ్ సీలింగ్ మూల నల్లగా బూజు మచ్చలు. బ్లీచింగ్ పెట్టి తోమితే పోతాయి, వానాకాలం రాగానే మళ్ళీ ప్రత్యక్షం.

ఒక కంపెనీ అతను వచ్చి ఇల్లంతా ఫాల్స్ సీలింగ్‌లో డక్టులు వేసి ఫ్రెష్ ఎయిర్ మెషీన్ పెడతానన్నాడు. లక్షన్నర పైమాట. "ఆరోగ్యం ముందు డబ్బెంతమ్మా" అన్నాడు చూడండి, అక్కడ నాకు అనుమానం వచ్చింది. ఇది నిజంగా అవసరమా, చిన్నగా అయ్యే దారేదైనా ఉందా? కిటికీలు తీసుకోండి అని మాత్రం అనకండి ప్లీజ్. ఎదురుగా కొత్త టవర్ కడుతున్నారు, ఒకటే దుమ్ము. సాయంత్రమైతే దోమలు.

పెరవలి పెదబాబు:

అమ్మా, అనొద్దన్నావు కాబట్టి అనను. కానీ ఒక్క మాట. మా ఊళ్లో మండువా ఇంట్లో ఏ గదికైనా ఎదురెదురుగా రెండు కిటికీలు, తలుపు పైన వెంటిలేటర్ ఉండేవి. వేడెక్కిన గాలి పైకి పోతుంది కాబట్టి ఆ కన్నం పైనే పెట్టారు. వంటిల్లు వేరేగా, పెరటి వైపు. పొయ్యి పైన పొగగూడు. ఇప్పుడు కేపీహెచ్‌బీలో మా అమ్మాయి ఫ్లాటు చూడు: వెంటిలేటర్లకి అద్దాలు బిగించి సిలికాన్ పూసేశారు. ఏమంటే ఏసీ చల్లదనం పోతుందట! కన్నాలన్నీ మనమే మూసేసి, ఇప్పుడు లక్షన్నర పెట్టి మళ్ళీ కన్నం కొట్టిస్తామంటే నవ్వొస్తోంది. మీ అత్తగారే నయం. ఆవిడ దగ్గర మార్కులు కొట్టేయాలంటే హాల్లో చాప వెయ్యి.

డక్ట్ మాస్టర్:

పెదబాబు గారు నవ్వించిండ్రు కానీ అసలు సంగతి అదే. మేడం, నేను ఏసీ, డక్టింగ్ పనుల్లోనే ఉన్న. కొంచెం పెద్దగ రాస్తున్న, ఏమనుకోకండి.

మొదలు ప్యూరిఫయర్ సంగతి. అది అబద్ధం చెప్తలేదు. దానికి దుమ్ము మాత్రమే కనపడతది. కార్బన్ డయాక్సైడ్‌ను అది కొలవదు, తీసెయ్యదు. స్ప్లిట్ ఏసీ కూడ బయటి గాలి తేదు. లోపలి యూనిట్‌కు, బయటి యూనిట్‌కు మధ్యల రాగి పైపులల్ల తిరిగేది గ్యాసు, గాలి కాదు. గదిలున్న గాలినే పీల్చి చల్లగ చేసి మళ్ళ గదిలకే వదుల్తది. చానామంది అది బయటి నుంచి చల్లగాలి తెస్తదనుకుంటరు.

ఇగ లెక్క చూద్దాం. మీ గది 12 బై 12, ఎత్తు పదడుగులు అనుకుంటే దాదాపు 41 ఘనపు మీటర్ల గాలి. పడుకున్న పెద్ద మనిషి గంటకు సుమారు 12 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదుల్తడు, పిల్లగాడు 8 అనుకోండి. ముగ్గురివి కలిపితే 32. గాలి అస్సలు మారకపోతే మీటరు గంటకు 780 చొప్పున ఎక్కాలె, తెల్లారేసరికి ఐదారు వేలు దాటాలె. మీది 2,380 దగ్గరుందంటే సందుల నుంచి ఎంతో కొంత మారుతున్నట్టే. బయట గాలిల 420, 430 ఉంటది. మీ గది వెయ్యి లోపల ఉండాలంటే గంటకు 55 ఘనపు మీటర్ల బయటి గాలి వస్తె చాలు. అది చిన్న ఫ్యాన్ పని, లక్షన్నర పని కాదు.

2,380 అంటే విషం అనుకొని భయపడకండి. ఫ్యాక్టరీలల్ల ఎనిమిది గంటల పనికి పెట్టిన హద్దు 5,000. కాకపోతె అది ఎక్కుతుందంటే ఒకరు విడిచిన గాలి ఒకరు పీలుస్తున్నరని గుర్తు. దాంతోపాటు తేమ, కొత్త ఫర్నిచర్ రంగుల ఆవిర్లు, ఎవరికన్న జలుబుంటే ఆ వైరస్ అన్నీ గదిలనే పేరుకుంటయి. తేమ పెరిగితె పరుపులల్ల కంటికి కనపడని పురుగులుంటయి, డస్ట్ మైట్స్, అవి బలుస్తయి. పిల్లికూతలున్న పిల్లలల్ల చానామందికి వాటితో పడదు.

పైసా ఖర్చు లేకుండ ఈ రాత్రే ఒకటి చేసి చూడండి. బెడ్‌రూమ్‌కు అటాచ్డ్ బాత్‌రూమ్ ఉంటె దాని ఎగ్జాస్ట్ ఫ్యాన్ రాత్రంతా నడవనియ్యండి, బాత్‌రూమ్ తలుపు కొంచెం తీసి పెట్టండి. బెడ్‌రూమ్ తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉండాలె, గుడ్డ గిట్ల పెట్టి ఉంటె తీసెయ్యండి. హాల్లో అత్తమ్మ దగ్గరి మంచి గాలి ఆ సందుల నుంచి మీ గదిలకు వస్తది. ఫ్యాన్‌కు గుంజే బలం ఎంతున్నా, వచ్చే తోవ లేకపోతె అది ఊరికె తిరుగుతది.

ఫ్యాన్ నిజంగ గుంజుతుందా అనేది టిష్యూ పేపర్‌తో చూడొచ్చు. జాలీ దగ్గర పెడితె అతుక్కోని నిలవాలె. జారి కింద పడ్డదంటే ఫ్యాన్ మీద జిడ్డుదుమ్ము అట్ట కట్టింది, లేదా గాలి వచ్చే తోవ లేదు. మన అపార్ట్‌మెంట్లల్ల నేను ఎక్కువ చూసేది ఏందంటే, అద్దం పలకల కిటికీల రెండు పలకలు తీసి అక్కడ ఫ్యాన్ పెడ్తరు, కింద మిగిలిన పలకలు తెరిచే ఉంటయి. ఆ పలకల నుంచి వచ్చిన గాలి జానెడు పైన ఫ్యాన్‌లకెళ్లి మళ్ళ బయటికి పోతది. స్నానం ఆవిరి మాత్రం సీలింగ్‌కు అతుక్కోని అట్లనే ఉంటది. మీ బూజు మచ్చలు అవే అని నా అనుమానం. ఆ పలకలు మూయండి, స్నానం అయినంక ఇరవై, ముప్పై నిమిషాలు ఫ్యాన్ ఆపకండి. ఫ్యాన్ షాఫ్ట్‌లకు పోతుంటె వెనక్కు గాలి రాకుండ రెక్క ఉందా చూసుకోండి, లేకపోతె కింది ఇంటోళ్ల సిగరెట్ మీ ఇంట్ల వాసనొస్తది.

వంటిల్లు మాత్రం వాయిదా వెయ్యకండి. బొగ్గు ఫిల్టర్ చిమ్నీ నూనె జిడ్డు, కొంత వాసన పడ్తది. మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్, ఆవిరి అట్లనే మీ ఇంట్ల తిరుగుతయి. కిలో ఎల్‌పీజీ కాలితె మూడు కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరున్నర పైన నీళ్ల ఆవిరి వస్తయి. నైట్రోజన్ డయాక్సైడ్ ఆస్తమా పిల్లలకు అస్సలు మంచిది కాదు. యుటిలిటీ బాల్కనీ గోడకు ఆరంగుళాల కోర్ కటింగ్ (మెషీన్‌తో కొట్టే గుండ్రటి కన్నం) చేయించి గొట్టం బయటికి పెట్టించండి. వంపులు తక్కువ ఉండాలె, సాగే అల్యూమినియం గొట్టాన్ని నలిపి కుక్కనియ్యకండి.

కానీ ఆగండి. మీది మైవాన్ కట్టడమైతె, అంటే అల్యూమినియం అచ్చులల్ల కాంక్రీటు పోసి కట్టిందైతె, గోడలన్నీ కాంక్రీటే, బరువు మోసేటివి. ఇటుక గోడ అయినా సరే బీమ్, కాలమ్ జోలికి పోవద్దు. బిల్డర్ దగ్గర డ్రాయింగ్ చూసి, అసోసియేషన్‌కు చెప్పినంకనే డ్రిల్ పెట్టాలె. కుదరకపోతె కిటికీల ఒక అద్దం తీసి, ఆ జాగల షీటు పెట్టి దానికి గొట్టం బిగిస్తరు. చూడ్డానికి అంత మంచిగుండదు, పని మాత్రం అయితది.

ఇంకో ముచ్చట, చెప్పకపోతె తప్పయితది. మీ బాత్‌రూమ్‌ల గ్యాస్ గీజర్ ఉందా? ఉంటె పైన చెప్పిందేదీ మొదలుపెట్టకముందే దాన్ని బయటికి మార్పించండి. మూసిన బాత్‌రూమ్‌ల అది కార్బన్ మోనాక్సైడ్ వదిలితె వాసన రాదు, రంగు ఉండదు. స్నానానికి పోయినోళ్లు అక్కడ్నే పడిపోతరు.

మిస్సిసాగా మాధవి:

సుజాత గారూ, మాది కెనడా. ఇక్కడ మీరు చెప్పిన మెషీన్ లాంటిదే, హెచ్‌ఆర్‌వీ (హీట్ రికవరీ వెంటిలేటర్) అంటారు, మా ఇల్లు కట్టినప్పుడే బేస్‌మెంట్‌లో బిగించారు. ఈ దేశానికి అది కొత్త కాదు, 1977లో రెజైనాలో కట్టిన సస్కాచెవాన్ కన్జర్వేషన్ హౌస్‌లోనే ఇలాంటిది పెట్టారు. బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు కిటికీ తీయలేం. అందుకని బయటికి వెళ్లే గాలి వేడిని లోపలికొచ్చే గాలికి అందించి పంపిస్తుంది, రెండు గాలులూ కలవవు. పైగా ఇక్కడ నేలలోంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వస్తుంది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పొగ తాగడం తర్వాత అదే పెద్ద కారణం. ప్రభుత్వం పెట్టిన హద్దు ఘనపు మీటరు గాలికి 200 బెక్వెరెల్స్ (రేడియోధార్మికత కొలత). మెషీన్ నడుస్తుంటే అదీ కొంత తగ్గుతుంది.

ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామంది శబ్దమొస్తోందనో, కరెంటు అనో దాన్ని ఆపేస్తారు. చలికాలం ఇంట్లో రోజూ చారు, పప్పు మరుగుతుంటే కిటికీ అద్దాల మీద నీళ్లు కారి, కింద చెక్క నల్లబడుతుంది. మేం కొన్నప్పుడు పాత ఓనర్ల ఫిల్టర్ బయటికి లాగితే బూడిదరంగు కంబళిలా వచ్చింది. ఆ స్థితిలో మెషీన్ ఉన్నా లేనట్టే. కాబట్టి కొనేముందు ఫిల్టర్ ఎక్కడుంది, మీ చేతికి అందుతుందా, స్టూలెక్కి ఫాల్స్ సీలింగ్ విప్పాలా, అది అడగండి. అందకపోతే ఎవరూ కడగరు.

మీకు అక్కడ వేడి మార్చడం కన్నా తేమ సంగతి ముఖ్యం. ఏసీ గదికి ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అనే రకం నయం, అది లోపలికొచ్చే తేమను కూడా కొంత తగ్గిస్తుంది.

నిజాంపేట సుజాత:

అందరికీ ధన్యవాదాలు. డక్ట్ మాస్టర్ అన్నా, గ్యాస్ గీజర్ లేదు, కరెంటుదే. లూవర్ పలకల సంగతి అచ్చు మీరు చెప్పినట్టే ఉంది, టిష్యూ పేపర్ జారి బకెట్లో పడింది! పలకలు మూసి, ఫ్యాన్ రెక్కలు మావారి చేత తోమించాక ఠక్కున అతుక్కుంది. ఆ ఫ్యాన్ వేసుకుని పడుకుంటే మీటరు తెల్లవారుజామున 1,150 చూపించింది. తల దిమ్ము బాగా తగ్గింది. బాబు దగ్గు సంగతి అప్పుడే చెప్పలేను, డాక్టర్ గారు మందులు అలాగే వాడమన్నారు.

వంటింటి గొట్టానికి అసోసియేషన్‌కి అర్జీ పెట్టాను. మా టవర్‌లో బయటి గోడలు ఇటుకవే అని బిల్డర్ ఇంజినీర్ చెప్పారు.

పెదబాబు బాబాయ్ గారూ, చాప సలహా మా అత్తయ్యగారికి చదివి వినిపించాను. మీ ఊరి పేరు అడిగారు, బంధుత్వం కలుపుతారేమో చూసుకోండి.

ఇప్పుడు నా బాధ హాల్లోకి వచ్చే దుమ్ము. బాల్కనీ వైపే ఆ టవర్. బెడ్‌రూమ్‌కి ఫిల్టర్ ఉన్న చిన్న ఫ్యాన్ ఒక్కటి పెడితే సరిపోతుందా? ఏసీ బిల్లు పేలిపోతుందా?

డక్ట్ మాస్టర్:

సరిపోతది మేడం. ఒక గదికి పెట్టే సప్లై ఫ్యాన్‌లు, అంటే బయటి గాలిని లోపలికి తోసేటివి, దొరుకుతయి, నాలుగంగుళాల కన్నం, లోపల సన్నటి దుమ్మును కూడ పట్టే ఎఫ్7 రకం ఫిల్టర్. ఫిల్టర్ బిగించినంక గంటకు ఎన్ని ఘనపు మీటర్లు ఇస్తదో అడగండి, డబ్బా మీద రాసేది ఫిల్టర్ లేకుండ కొలిచిన లెక్క. 60 దగ్గర ఉంటె మీకు చాలు. అది నడుస్తున్నప్పుడు బాత్‌రూమ్ ఫ్యాన్ ఆపండి, లేకుంటె హాల్లో దుమ్ము మళ్ళ గుంజుతది. గదిల గాలి ఎక్కువైతె తలుపు సందుల నుంచి బయటికి తోస్తది, దుమ్ము రానియ్యదు. ప్యూరిఫయర్‌ను తీసెయ్యకండి, దాని పని దానికుంది.

కరెంటు గురించి: రాత్రి బయట 30, లోపల 26 ఉంటె ఆ గాలిని చల్లబరచడానికి ఏసీ మీద పడే భారం 70, 80 వాట్లు, తేమకు దానికన్న ఎక్కువే పడొచ్చు. మీది ఒకటిన్నర టన్ను ఏసీ అనుకుంటె అది ఇచ్చే చల్లదనం ఐదు కిలోవాట్ల పైన. మే నెల మిట్టమధ్యాహ్నం 42 ఉన్నా 300 వాట్లే. బిల్లు పేలదు.

ఇల్లంతా డక్టులంటే, అమెరికా వాళ్ల ఆశ్రే (ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం) లెక్క ప్రకారం నలుగురున్న మీ ఇంటికి మొత్తం గంటకు నూట పది ఘనపు మీటర్ల దగ్గర చాలు. ఆ కంపెనీ ఆయన ఎంతకు లెక్క గట్టిండో కాగితం మీద రాసివ్వమనండి. రేపు ఎట్లాగు ఫాల్స్ సీలింగ్ విప్పే పని పెట్టుకుంటె అప్పుడు ఆలోచించొచ్చు, దానికోసమే విప్పకండి.

కన్నం ఎక్కడ పెట్టాలంటె, ఏసీ బయటి యూనిట్ వేడిగాలి కొట్టే జాగకు, బాత్‌రూమ్ షాఫ్ట్‌కు, వంటింటి గొట్టం మూతికి దూరంగ, కనీసం మూడు మీటర్లు. టవర్ వైపు కాకుండ రెండో గోడ ఉంటె అటే. బయట జాలీకి దోమతెర ఉండాలె. గొట్టం లోపలి నుంచి బయటికి కొంచెం వాలుగ పెట్టమనండి, లేకుంటె వానకు నీళ్లు ఫిల్టర్ మీదకొస్తయి. ఆ టవర్ పని అయ్యేదాకా ఫిల్టర్‌ను నెలకోసారన్న తీసి చూడండి.