రేపు మెహదీపట్నంలో సిరాజ్ రోడ్ షో: మూడేళ్ల పాపని, ఆరేళ్ల బాబుని తీసుకెళ్లవచ్చా?

గుడిమల్కాపూర్ అమ్మ
2024 జూలై 4, రాత్రి

అందరికీ నమస్తే. మాకు ఇద్దరు పిల్లలు. బాబుకి ఆరేళ్లు, పాపకి మొన్ననే మూడు నిండాయి. శనివారం టీ20 క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ రోజు బాబు చివరి బంతి దాకా మేలుకునే ఉన్నాడు. బౌండరీ దగ్గర సూర్యకుమార్ పట్టిన క్యాచ్‌ని అప్పటినుంచి రోజూ మంచం అంచు మీద పడుతున్నాడు, దిండుతో. ఇవాళ సాయంత్రం టీవీలో, గెలిచొచ్చిన మన టీమ్ ముంబై బస్సు ఊరేగింపు చూస్తూ "వీళ్లు మన ఊరికి రారా అమ్మా?" అన్నాడు. అంతలో మా తమ్ముడి ఫోన్. రేపు సాయంత్రం ఆరున్నరకి సరోజినీ దేవి కంటి ఆసుపత్రి దగ్గర నుంచి ఈద్గా గ్రౌండ్ దాకా, ఆ టీమ్‌లోని మన హైదరాబాద్ బౌలర్ సిరాజ్ రోడ్ షో అట. ఆ మాట బాబు చెవిన పడింది, ఇంక నిద్ర లేదు.

మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దారి. కానీ మెరైన్ డ్రైవ్ జనాన్ని చూశాక నాకు టెన్షన్‌గా ఉంది. మావారిది సెకండ్ షిఫ్ట్, తోడు వచ్చేది తమ్ముడు ఒక్కడే. అత్తమ్మ అసలే వద్దంటున్నారు. పోయినేడు ఖైరతాబాద్ వినాయకుడి దగ్గర పాప ఏడుపు ఆపలేక సగం లైన్లోంచి వెనక్కి వచ్చేశాం. పాపని ఇంట్లో వదలాలా? ఎక్కడ నిలబడితే మేలు? పిల్లలతో ఇలాంటి వాటికి వెళ్లినవాళ్లు చెప్పండి.

శేరిలింగంపల్లి నాన్న

చెల్లెమ్మా, మా అనుభవం చెబుతాను. 2016 ఆగస్టు 22, సోమవారం. రియోలో వెండి పతకం గెలిచి సింధు వచ్చిన రోజు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పైకప్పు లేని డబుల్ డెక్కర్ బస్సులో ఊరేగింపు, పక్కన గోపీచంద్ గారు. మా వాడికప్పుడు ఐదేళ్లు. స్టేడియం గేటు పక్కనే నిలబడితే బస్సు తిరిగేటప్పుడు దగ్గరగా కనిపిస్తుందనుకున్నాను. అదే పొరపాటు. బస్సు తిరిగే చోట అందరూ ఒక్కసారి ముందుకు తోస్తారు. వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది, కానీ వాడు మాత్రం నడుముల మధ్య మునిగిపోయాడు. పైకి లాగి ఎత్తుకునేసరికి ఒక చెప్పు లేదు, మొహం ఎర్రగా కందిపోయింది. బస్సు వెళ్లిపోయింది. సింధుని నేను చూశాను, వాడు చూడలేదు. ఈ మాట ఇప్పటికీ అంటాడు.

కాబట్టి గేటు దగ్గరా మలుపు దగ్గరా వద్దు. తిన్నగా ఉన్న రోడ్డు మీద, ఎత్తుగా మెట్లున్న షాపు చూసుకోండి. వెనక బయటపడటానికి ఒక సందు ఉండాలి. దూరమైనా ఫర్వాలేదు. ఆ వయసులో వాళ్లకి మొహం కన్నా బండి, జెండాలు, కేకలే ముఖ్యం.

పిల్లల వార్డు నర్సు

పాప సంగతి నేను చెబుతాను. రాత్రి నిద్ర సరిపోకపోయినా, మధ్యాహ్నం పడుకోకపోయినా తీసుకెళ్లకండి. బాగా పడుకుని లేస్తే తీసుకెళ్లొచ్చు, కానీ మొత్తం సేపు ఎత్తుకునే ఉండాలి. తోపుడు బండి అసలు వద్దు. డప్పులు, డీజే, టపాసులు ఉంటే ఆ మోతకి చిన్న చెవులు తట్టుకోలేవు, స్పీకర్లకి దూరంగా ఉండండి. దూది పెడితే పెద్దగా ఆగదు, అరచేతులతో మూయడమే నయం.

ఇద్దరి ముంజేతుల మీద మీ ఫోన్ నంబర్ బాల్ పెన్నుతో రాయండి. ఇంట్లోంచి బయలుదేరే ముందే ఇద్దరికీ ఫోటో తీయండి. తప్పిపోతే ఏ రంగు చొక్కా అని అడిగినప్పుడు తల్లికి గుర్తురాదు, ఇది నేను ఆసుపత్రిలో ఎన్నోసార్లు చూశాను.

ఒకవేళ జనం ఒత్తుకొస్తే ఎదురు తోయకండి. పిల్లని ఛాతీ మీదికి ఎత్తుకుని, మోచేతులు ముందుకు పెట్టి ఊపిరికి చోటు చేసుకోండి. తోపు ఆగిన ప్రతిసారీ ఏటవాలుగా అంచు వైపు రెండడుగులు జరగండి. కింద ఏది పడినా వంగకండి.

మాసబ్‌ట్యాంక్ పాతకాపు

అక్కా, ఈద్గా గ్రౌండ్ వైపు మాత్రం రావద్దు. ఫస్ట్ లాన్సర్ గల్లీలు ఇరుకు, రేపు బస్తీ మొత్తం బయటే ఉంటుంది. సిరాజ్ టెన్నిస్ బంతితో ఆడి పెరిగిన గ్రౌండ్ అది, వాళ్ల ఇంటి పండుగలాంటిది. ఊరేగింపు మొదలయ్యే వైపే నిలబడండి. అక్కడ రోడ్డు వెడల్పు, కళ్లద్దాల షాపులు వరసగా ఉంటాయి, మెట్లు దొరుకుతాయి. శుక్రవారం సాయంత్రం మెహదీపట్నం సంగతి మీకు తెలిసిందే. ఐదింటికల్లా చేరుకోండి, సొంత బండి తేవద్దు. బండి దాటగానే వెనక్కి తిరగండి. దాని వెంట పడితేనే ఇరుక్కుంటారు.

గుడిమల్కాపూర్ అమ్మ
జూలై 6, ఉదయం

అందరికీ చాలా థ్యాంక్స్. వెళ్లాం, క్షేమంగా వచ్చాం.

పాప మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంది కాబట్టి తీసుకెళ్లాను. ముందే బాబుతో ఒప్పందం: బండి దాటగానే ఇంటికి, గ్రౌండ్ అని అడగకూడదు. ఎడమ చేతి మీద ఫోన్ నంబర్ రాస్తుంటే కుడి చేతి మీద 73 రాయమన్నాడు, సిరాజ్ జెర్సీ నంబర్. పూల మార్కెట్లో పావు కిలో బంతిపూలు కొని రేకులు తుంచి ఇద్దరికీ చెరో కవర్లో పోశాను. ఆటో అతను ఎక్కడికమ్మా అని అడిగి, చెప్పగానే వెనక్కి తిరిగి పిల్లల్ని చూశాడు. "సిరాజ్ వాళ్ల నాన్న కూడా ఆటోనే నడిపేవాడు, తెలుసా?" అన్నాడు బాబుతో. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న గర్వం నాకింకా వినిపిస్తోంది. కొడుకు ఆస్ట్రేలియాలో ఉండగానే 2020లో ఆ తండ్రి పోయాడని కూడా ఆయనే చెప్పాడు. బాబు దిగేదాకా మాట్లాడలేదు.

కళ్లద్దాల షాపు ముందు మూడు మెట్లు దొరికాయి, వెనక సందు కూడా. షాపాయన పాప కోసం స్టూల్ ఇచ్చాడు. కూర్చున్నాక బాబు అడిగాడు, "సిరాజ్ ఫైనల్ ఆడలేదు కదా, మరి ఊరేగింపు ఎందుకు?" అని. నాకు వెంటనే జవాబు దొరకలేదు. మా తమ్ముడు చెప్పాడు, న్యూయార్క్‌లో ఐర్లాండ్, పాకిస్తాన్, అమెరికాల మీద మూడు మ్యాచ్‌లూ ఆడాడురా, అవి గెలవకపోతే ఫైనల్ ఎక్కడిది అని. వాడు కాసేపు ఆలోచించి తలూపాడు.

చాలాసేపు ఎదురుచూశాం. పాపకి రెండుసార్లు ఆకలేసింది, ఒకసారి బాత్రూమ్. అది కూడా షాపాయన పుణ్యమే. బండి వస్తోందని కేకలతోనే తెలిసింది. ఒక్కసారిగా చేతులన్నీ ఫోన్లతో లేచాయి, మెట్ల మీదున్నా బాబుకి ఏమీ కనిపించలేదు. తమ్ముడు భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. లైట్ల వెలుగులో బండి మీద నిలబడి చెయ్యి ఊపుతున్న మనిషి వాడికి బాగా కనిపించాడు. వాడు చల్లిన రేకులు సగం దారిలోనే, ముందున్న పెద్దాయన తల మీద పడ్డాయి. ఆయన నవ్వి, జుట్టులోంచి తీసి మళ్లీ వాడి చేతిలోనే పెట్టాడు. పాప నా భుజంలో మొహం దాచుకుంది, చెవులు నేనే మూశాను. తన కవర్ మాత్రం విప్పనివ్వలేదు. రాత్రి ఆ కవర్ గుప్పిట్లో పట్టుకునే నిద్రపోయింది.

సందులోంచి నడిచి చాలా దూరం వచ్చాక ఆటో దొరికింది. ఒప్పందం ఉన్నా బాబు ఏడ్చాడు, గ్రౌండ్ చూడాలని. ఒక మాటిచ్చాను. రేపు అత్తమ్మతో గోల్కొండ బోనాలకు వెళ్లాలి, కాబట్టి ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే, జనం లేనప్పుడు బ్యాటు, టెన్నిస్ బంతి పట్టుకుని ఈద్గా గ్రౌండ్‌కి తీసుకెళ్తాను. పాతకాపు గారూ, ఆరేళ్ల పిల్లాణ్ని అక్కడ పెద్దపిల్లలు ఆడనిస్తారా? మాసబ్‌ట్యాంక్ వైపు నుంచి వస్తే ఏ గల్లీలో తిరగాలి?