కొలరాడోలో విల్లుతో ఎల్క్ వేట: బయటివాళ్లను లాటరీ డ్రాలోకి నెట్టితే అడవిలో రద్దీ తగ్గుతుందా?

ఫ్రిస్కో_విలుకాడు

ఎవరో ఒకరు ఎత్తాల్సిన మాటే కాబట్టి నేనే ఎత్తుతున్నా. నాలాంటి టెక్సాస్‌వాడు కూడా 2024 వరకు కొలరాడోలో ఐ-25 హైవేకి పడమర చాలా యూనిట్లకు (వేట కోసం విడదీసిన ప్రాంతాలకు) విల్లుతో ఎల్క్‌ను, అంటే ఆ పెద్ద జాతి దుప్పిని, వేటాడే ట్యాగ్ (అనుమతి) నేరుగా కొనుక్కునేవాడు. డ్రా లేదు, ట్యాగ్ రాని ఏడాదికొకటి చొప్పున పోగేసుకునే పాయింట్ల గొడవ లేదు. ఆ ఏడాది అక్కడి వన్యప్రాణి కమిషన్ ఓటేసి, 2025 నుంచి బయటి రాష్ట్రాలవాళ్లందరినీ డ్రాలోకి తోసేసింది. లోకల్ వాళ్లకు మాత్రం పాత పద్ధతే. ఎంతమంది అడిగితే అంతమందికీ ట్యాగులు.

మేం కట్టేది 800 డాలర్ల పైన. వాళ్లు కట్టేది అందులో పదో వంతు కూడా ఉండదు. పైగా డ్రాకి దరఖాస్తు పెట్టాలంటేనే ముందు ఇంకో లైసెన్సు కొనాలి. కుందేలుకో టర్కీ కోడికో అన్నమాట, దాన్ని వాడినా వాడకపోయినా. మాకు అదే వంద డాలర్లు దాటుతుంది.

ఆ అడవి ఎవరిది? నేషనల్ ఫారెస్ట్, బీఎల్‌ఎం (కేంద్ర భూ నిర్వహణ సంస్థ) భూమి. అంటే నా పన్ను డబ్బుతో కూడా నడిచేది. టెక్సాస్‌లో 95 శాతం దాకా ప్రైవేటు భూమే. వేటకి ఆ భూమి లీజు కట్టే స్థోమత లేనివాడికి ఆ పడమటి కొండలే దిక్కు. రద్దీ ఉంది, కాదనను. దానికి మందు మమ్మల్ని తగ్గించడం ఒక్కటేనా?

డెన్వర్_నాగేశ్

అన్నా, కోపం అర్థమైంది. ఒక్కసారి మా వైపు నుంచి చూడు. సెప్టెంబరు రెండో వారం, తెల్లారుజాము నాలుగు. ఫ్లాట్ టాప్స్ కొండల దగ్గర ట్రయల్‌హెడ్‌కి (కాలిబాట మొదలయ్యే చోటికి) చేరేసరికి పికప్ ట్రక్కులు రోడ్డు పక్కన మలుపు దాకా నిలబడి ఉంటాయి. నంబర్ ప్లేట్లు చూస్తే టెక్సాస్, మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్. హెడ్‌లైట్లు కట్టుకుని గంటన్నర ఎక్కుతాం. పైన ఎక్కడో బ్యూగుల్, అంటే మగ ఎల్క్ అరుపు, వినిపిస్తుంది. పొద్దుటి చల్లగాలి ఇంకా లోయలోకి దిగుతూ ఉంటుంది కాబట్టి మన వాసన దానికి అందకుండా కింది నుంచి చుట్టు తిరిగి, చిన్న సీసాలో పొడి నొక్కి గాలి చూసుకుంటూ, ఎండుకొమ్మ మీద కాలు పడకుండా నూట యాభై గజాల దాకా వెళ్తాం. మళ్లీ బ్యూగుల్. మనం ఆడ ఎల్క్‌లా కూత వేస్తాం. అటునుంచి జవాబొస్తుంది. పొదల్లోంచి బయటికొచ్చేది మొహానికి రంగు పూసుకుని, నోట్లో ఎల్క్ కూత తీసే రబ్బరు ముక్క పెట్టుకున్న ఇంకో మనిషి!

ఇద్దరం చేతులూపుకుని చెరో దారి పడతాం. ఆ లోపు ఎండెక్కి గాలి తిరుగుతుంది. అసలు ఎల్క్‌లకు ఇద్దరి వాసనా ఒకేసారి అందుతుంది. ఇక ఆ లోయలో మూడు రోజులు ఏమీ ఉండదు.

ఇది నచ్చకే ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి కమిషన్ మీటింగుల్లో మొత్తుకున్నారు. వయోమింగ్, న్యూ మెక్సికో ఎప్పుడో తలుపులు బిగించుకున్నాయి. న్యూ మెక్సికో డ్రాలో 84 శాతం ట్యాగులు లోకల్ వాళ్లకి, 10 శాతం గైడుతో వెళ్లేవాళ్లకి, సొంతంగా వెళ్లే బయటివాళ్లకి మిగిలేది 6 శాతం. వాళ్లను ఎవరూ అడగరు. కొలరాడో ఒక్క అడుగు వేయగానే అన్యాయం అంటారు.

బక్కపల్చని_బాణం

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. రద్దీ గురించి ఏడ్చే ప్రతివాడూ ఆ రద్దీలో ఒకడే కదా.

బాయిసీ_రమణ

ఐడహో నుంచి రాస్తున్నా. ఇది ఇక్కడ ముందే చూశాం. బయటివాళ్లకు జనరల్ ట్యాగులు డిసెంబరు మొదట్లో అమ్మకానికి పెట్టేవాళ్లు. పొద్దున్నే ఆన్‌లైన్ క్యూలో కూర్చోవాలి, యాదృచ్ఛికంగా ఒక నంబరు ఇస్తుంది, మన ముందు వేలమంది. తిరుమల మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు విడుదలైన రోజు గుర్తుందా, అచ్చం అదే టెన్షన్. చివరికి దాన్నీ ఎత్తేసి 2026 ట్యాగుల నుంచి డ్రా పెట్టారు.

నా పాయింట్ ఒక్కటే. ఒక రాష్ట్రం తలుపు మూస్తే జనం వేట మానరు, పక్క రాష్ట్రం తలుపు తడతారు. మోంటానా బయటివాళ్ల జనరల్ ఎల్క్ లైసెన్సులను 17,000 దగ్గర ఆపింది. ఒరెగాన్ తూర్పున విల్లు ట్యాగులను కంట్రోల్ చేయడం మొదలుపెట్టింది. వాళ్లంతా ఎక్కడికొచ్చారు? నేరుగా కొనుక్కోగలిగే చోటికి. కొలరాడోకి. ఇప్పుడు కొలరాడో కూడా మూసింది. ఇంకో విషయం, అక్కడ రెండో, మూడో రైఫిల్ సీజన్లలో మగ ఎల్క్ ట్యాగులు బయటివాళ్లకు 2025లో కూడా డ్రా లేకుండానే దొరికాయి. అంటే కొంతమంది విల్లు పక్కన పెట్టి తుపాకీ పడతారు, సెప్టెంబరు రద్దీ అక్టోబరుకి జరుగుతుంది. అంతే.

కొండగాలి

పడమటి కొలరాడోలో మాంట్రోజ్ దగ్గర ఉంటాను, పుట్టింది అనంతపురం. నాగేశ్ గారూ, ట్రయల్‌హెడ్‌లో నంబర్ ప్లేట్లు మీరు చూసినట్టే నేనూ చూస్తాను. కొలరాడో ప్లేట్లు మీరు లెక్కపెట్టలేదు, నేను పెడతాను. డెన్వర్ నుంచి కొలరాడో స్ప్రింగ్స్ దాకా జనం ఎంత పెరిగారో మీకు తెలియంది కాదు. ఆరు నెలలు ఇక్కడ కాపురముంటే రెసిడెంటే. ఆ ట్యాగులకు లెక్క లేదు. బయటివాళ్లను ఎంత తగ్గించినా, మిగిలిన కుర్చీలో మన ఊరివాడే వచ్చి కూర్చుంటాడు. నిజంగా రద్దీ మీదే బాధ అయితే మన ట్యాగులకు కూడా హద్దు పెట్టమని అడగాలి. ఆ మాట మీటింగులో ఎంతమంది అంటారు? ఎవరికి వాళ్లు పక్కవాడిని తగ్గించమనేవాళ్లే.

ఎల్క్‌ల సంగతి కూడా ఎవరైనా మాట్లాడితే బాగుండు. కొలరాడోలో దాదాపు మూడు లక్షల ఎల్క్‌లు, దేశంలో ఇంకెక్కడా అన్ని లేవు. కానీ నైరుతిలో, మా వైపు, వంద ఆడ ఎల్క్‌లకు బతికి బట్టకట్టే పిల్లల సంఖ్య తగ్గిందని రాష్ట్రమే కొన్నేళ్లుగా చెబుతోంది. కారణాల్లో కరువు ఉంది, ఎలుగుబంట్లు ఉన్నాయి, మనుషులూ ఉన్నారు. 1990లలో వేల్ దగ్గర ఒక ప్రయోగం చేశారు. ఈనే కాలంలో కావాలనే మనుషులను ఎల్క్‌ల మధ్యకి పంపి చూశారు. పిల్లల సంఖ్య పడిపోయింది. మనుషులను ఆపాక మళ్లీ లేచింది. ఆ మనుషులు విల్లు పట్టలేదు, తుపాకీ పట్టలేదు. ఊరికే నడిచారు. మే, జూన్ నెలల్లో మౌంటెన్ బైకులు, కుక్కలు, పరుగు పందేలు. సెప్టెంబరులో మనం. అక్టోబరు, నవంబరుల్లో రైఫిళ్లు. అన్నీ కలిపి చూస్తే ఆ జంతువుకి ఊపిరాడే నెల ఏది?

అందుకే అవి తెలివిగా ప్రైవేటు రాంచ్‌లోకి దిగిపోతాయి. విల్లు సీజన్ మొదలైన మొదటి వారాంతం అయ్యేసరికే కంచె అవతల అల్ఫాల్ఫా పొలంలో మంద మేస్తుంటే, ఇవతల మనం ఖాళీ అడవిలో బైనాక్యులర్స్ పట్టుకుని ఒకరినొకరం చూసుకుంటుంటాం.

ఫ్రిస్కో_విలుకాడు

అక్కా, మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నా. అందరికీ డ్రా పెట్టండి, వాటాలు వేయండి, లోకల్ వాళ్లకి 75 ఇచ్చినా 80 ఇచ్చినా నోరెత్తను. ఒకరికి లెక్క లేదు, ఇంకొకరికి లాటరీ అనడమే మంట పెడుతోంది. ఇంకోటి, కొలరాడో వన్యప్రాణి శాఖ వేట విభాగం నడిచేదే లైసెన్సు డబ్బు మీద. అందులో బయటివాళ్లది పెద్ద వాటా. విల్లు, బాణాలు కొన్నా 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద ఫెడరల్ ఎక్సైజ్ పన్ను పోతుంది. మా డబ్బు ముద్దు, మేం వద్దా?

షయెన్_మామ

తమ్ముడూ, కోర్టుకెళ్తే గెలవవు, ముందే చెబుతున్నా. భూమి ఫెడరల్ అయినా జంతువు మీద అజమాయిషీ రాష్ట్రానిది. సరిగ్గా ఎల్క్ మీదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది ఇది. 1978లో, మోంటానా కేసు. అప్పట్లో లోకల్ లైసెన్సు 30 డాలర్లు, బయటివాళ్లకు 225. మిన్నెసోటా వేటగాళ్లు ఇది వివక్ష అన్నారు. ఎల్క్ వేట వినోదమే కానీ ప్రాథమిక హక్కు కాదు, రాష్ట్రం తేడా చూపించవచ్చు అని కోర్టు తేల్చింది. 2005లో కాంగ్రెస్ ఆ అధికారం రాష్ట్రాలదేనని చట్టం కూడా చేసింది.

మా వయోమింగ్ ఇంకా ఘోరం. బయటివాళ్ల స్పెషల్ ఎల్క్ లైసెన్సు 2024లో 1,950 డాలర్లయింది. పైగా విల్డర్‌నెస్ (చట్టం కింద రక్షించిన అడవి) ప్రాంతంలో వేటాడాలంటే బయటివాడు గైడునో, లోకల్ మనిషినో వెంటబెట్టుకోవాలి. నడవొచ్చు, చేపలు పట్టొచ్చు, ఫొటోలు తీయొచ్చు, ఎల్క్ మీద విల్లు ఎక్కుపెడితే మాత్రం గైడు కావాలట. భద్రత కోసమని చెబుతారు. నేను నమ్మను, అది గైడుల జేబు కోసమే.

అసలు రద్దీకి కారణాల్లో ఒకటి ఎవరూ ఇక్కడ ఎత్తలేదు. మా దగ్గర చాలాచోట్ల భూమి చదరంగం గడుల్లా ఒక మైలు ప్రభుత్వానిది, ఒక మైలు ప్రైవేటుది. మూల నుంచి మూలకి దాటితే తప్ప ప్రభుత్వ భూమికి చేరలేం. అలా మూలల్లో ఇరుక్కున్న పబ్లిక్ ల్యాండ్ పడమటి రాష్ట్రాల్లో 80 లక్షల ఎకరాల పైనే ఉంటుందని లెక్క. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు మా వయోమింగ్‌లోనే ఎల్క్ మౌంటెన్ దగ్గర నిచ్చెన లాంటిది వేసి, ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా మూల దాటారు. క్రిమినల్ కేసు పెట్టారు, జ్యూరీ వదిలేసింది. రాంచ్ యజమాని లక్షల డాలర్ల నష్టపరిహారం అడిగాడు. 2025 మార్చిలో పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది, అదీ 1885 నాటి కంచెల చట్టం పట్టుకుని. అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కేసు ముట్టుకోనంది. ఆ కోర్టు పరిధిలో కొలరాడో, యూటా, న్యూ మెక్సికో కూడా ఉన్నాయి. ట్యాగుల గురించి కొట్టుకునేవాళ్లు ఆ మూలల గురించి కొట్టుకుంటే ఇంకాస్త అడవి తెరుచుకుంటుంది.

డెన్వర్_నాగేశ్

మామా, మూలల తీర్పు మంచిదే. కానీ కొలరాడోలో ఆ చదరంగం గడులు మీ అంత లేవు. మా సమస్య ట్రయల్‌హెడ్ నుంచి మొదటి రెండు మైళ్లే.

కొండగాలి గారి మాటకి నా జవాబు: లోకల్ ట్యాగులకు హద్దు పెడితే ఇక్కడి మనిషి ప్రతి ఏడాదీ వేటకు వెళ్లే వీలు పోతుంది. వేట మనకి ఏడాదికొక విహారయాత్ర కావచ్చు. కానీ గనిసన్, క్రెయిగ్ లాంటి చిన్న ఊళ్లలో ఫ్రీజర్ నింపుకునేది ఆ ఎల్క్‌తోనే. ఒక మగ ఎల్క్ అంటే ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా మాంసం. వాళ్లని కూడా పాయింట్లు పోగేసుకుంటూ కూర్చోమంటారా? మొదటి ఛాయిస్‌లో ట్యాగ్ వస్తే పోగేసిన పాయింట్లన్నీ సున్నా అవుతాయి. ఏటేటా అందరి పాయింట్లూ పెరుగుతాయి కాబట్టి మంచి యూనిట్ ఎప్పుడూ ఒక అడుగు దూరంలోనే ఉంటుంది. ఆ రొంపిలోకి లోకల్ వాళ్లను కూడా దించడం న్యాయం అనిపించట్లేదు.

కొండగాలి

ఫ్రీజర్ నింపుకోవాలంటే ఆడ ఎల్క్ ట్యాగ్ ఉంది, రైఫిల్ సీజన్ ఉంది. విల్లుతో పదిమంది వెళ్తే ఒకరికి దొరికితే గొప్ప. మాంసం కోసం విల్లు పట్టేవాడు తక్కువ నాగేశ్ గారూ, సెప్టెంబరు అరుపుల కోసం పట్టేవాడే ఎక్కువ. నేనూ అందుకే పడతాను, దాచుకోవడానికేముంది.

నా ప్రతిపాదన వినండి. సీజన్ సెప్టెంబరు 2 నుంచి 30 దాకా. దాన్ని రెండు ముక్కలు చేయండి, ఏ సగం కావాలో ట్యాగ్ కొనేటప్పుడే ఎంచుకోవాలి. లోకల్ అయినా బయటివాళ్లయినా ఒకటే. ఎవరి ట్యాగూ పోదు, ఒక రోజున అడవిలో ఉండే జనం తగ్గుతారు. మధ్యలో వచ్చే తొమ్మిది రోజుల మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ) సీజన్‌ని కూడా విడదీయండి. వాళ్లు మెరిసే నారింజ లేదా గులాబీ రంగు వేసుకోవాలి, విలుకాళ్లకు ఆ రూలు లేదు. 2021లో మా నైరుతి వైపే ఒక మజిల్‌లోడర్ వేటగాడు ఎల్క్ అనుకుని కాల్చితే ఒక విలుకాడు చనిపోయాడు. రద్దీ అంటే వేట చెడిపోవడం ఒక్కటే కాదు.

బాయిసీ_రమణ

సగం సగం అంటే అందరూ రెండో సగమే అడుగుతారు అక్కా. పోతులు గట్టిగా అరిచేది అప్పుడే.

కొండగాలి

అడగనివ్వండి. ఆ సగానికి డ్రా పెడదాం, మొదటి సగం నేరుగా కొనుక్కోనిద్దాం. ఎండకి తట్టుకుని, నీటిమడుగు దగ్గర కూర్చునే ఓపికున్నవాడు మొదటి సగంలో వస్తాడు.

అరోరా_కొత్తబాణం

అందరికీ నమస్కారం. హెచ్-1బీ మీద ఉన్నాను, కొలరాడో వచ్చి ఎనిమిది నెలలు. వీసా మీద తుపాకీ కొనాలంటే కాగితాల గొడవ ఉందని విని విల్లుతో మొదలుపెట్టాను. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు వచ్చింది. మన దగ్గర 1972 చట్టంతో వేట మూతపడింది కాబట్టి ఇంట్లో ఎవరికీ దీని సంగతి తెలియదు, అమ్మకైతే ఇంకా చెప్పలేదు. మీ చర్చ చదివాక ఒక్క అనుమానం: నాలాంటి కొత్త రెసిడెంటే కదా ఆ ‘లెక్క లేని’ జనం? నేను రావాలా, మానాలా?

డెన్వర్_నాగేశ్

రా తమ్ముడూ. విల్లు లాగే బరువు 35 పౌండ్లకు తగ్గకూడదు, విల్లు సీజన్‌లో క్రాస్‌బో పనికిరాదు, ఈ రెండూ చూసుకో. ఒంటరిగా లోతుకు వెళ్లకు. ఎల్క్ పడ్డాక నాలుగు కాళ్ల మాంసం, వీపు మాంసం మోసుకొచ్చేటప్పుడు తెలుస్తుంది సంగతి. మాంసం వదిలేసి కొమ్ములు తెస్తే నేరం.

ఫ్రిస్కో_విలుకాడు

చూశారా, ఎనిమిది నెలల కుర్రాడికి ‘రా తమ్ముడూ’, ఏళ్లుగా వచ్చే నాకు లాటరీ!

బక్కపల్చని_బాణం

అరోరాలో ఇల్లు అద్దెకి చూడమంటావా అన్నా?

ఫ్రిస్కో_విలుకాడు

ఇంట్లో ఒప్పుకుంటే చూడు. లేకపోతే ఏప్రిల్ మొదట్లో దరఖాస్తు పెడతా, ఫలితాలు మే చివర్లో. కొండగాలి గారూ, మీ యూనిట్ నంబరు ఎంత?

కొండగాలి

అది తప్ప ఇంకేదైనా అడగండి.